నవ్వు మడత

మా మలాయి దేశానికి మెర్దేకా, అదే స్వాతంత్ర్యం, వచ్చిన ఏడాది అనగానే మా తోటవాళ్ళందరికీ జెండాలూ, రేడియోలో అరుపులూ గుర్తుకొస్తాయి. నాకైతే నా పెళ్ళాం ముఖం మీద నీలి మందుతో గీసిన గీతలు గుర్తుకొస్తాయి. వాటిని గీస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఒక గీత పడడానికి కారణం కూడా నేనే.

అప్పుడు మేము సుంగై సిపుట్ అవతల ఒక రబ్బరు తోటలో ఉండేవాళ్ళం. నేను, నా పెళ్ళాం కూర్మమ్మ, మూడేళ్ళ మా గుంట పైడి, మా అత్త నూకమ్మ. అడవిలో కమ్యూనిస్టులు, రోడ్డు మీద సోల్జర్లు, మధ్యన మా లైను ఇళ్ళు, వాటి చుట్టూ ముళ్ళకంచె. తెల్లవారితే గేటు తీసేవారు, పొద్దుగూకితే మూసేసేవారు. గేటు దాటే ప్రతి మనిషీ కార్డు చూపించాలి. అడవిలోవాళ్ళకి చేరిపోతుందని అన్నం మూట కూడా పనికి పట్టుకెళ్ళనిచ్చేవారు కాదు. ఏళ్ళ తరబడి అదే బతుకు కాబట్టి మాకు అదో వింతగా ఉండేది కాదు.

ఆ కార్డులు అడవిలోవాళ్ళని అణచడానికి తెల్లదొరలు ఎమర్జెన్సీ పెట్టిన కొత్తలో ఇచ్చినవి. కూర్మమ్మ కార్డులో ఫోటో పదహారేళ్ళప్పటిది. గుండ్రటి ముఖం, బిగించి వేసిన జడ, కెమెరా వంక కోపంగా చూసే కళ్ళు. ఆ తరవాత కొన్నాళ్ళకి రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగ గది తగలబడింది. కావాలని తగలబెట్టినారో, పొయ్యిలోంచి అంటుకుందో ఈనాటికీ తెలీదు. లోపల షీట్లు తిరగేస్తున్న కూర్మమ్మ బతికి బయటపడ్డాది గాని, ముఖం ఎడమ పక్క కాలిపోయినాది. మానిన మచ్చ తాడులాగ ముడుచుకొని, కింది రెప్పని కిందకీ, నోటి కొసని పక్కకీ లాగేసినాది. ఎడమ కన్ను పూర్తిగా మూతపడదు, ఎప్పుడూ నీళ్ళు కారుతూ ఉంటాది. గంజి తాగితే ఆ కొసన ఇంత జారిపోతాది. ఆమె ఏడుస్తున్నాదో లేదో తెలియాలంటే కుడి కన్ను చూడాలి.

నేను ఆమెని చేసుకున్నది ఆ మంటకి తరవాతే. ఫోటోలో పిల్లని నేను ఎప్పుడూ చూడలేదు.

గేటు దగ్గర పాత పోలీసులందరికీ కూర్మమ్మ తెలుసు. జూన్ నెలలో ఒక కొత్తవాడు వచ్చినాడు. చిన్నవాడు, చెడ్డవాడు కాదు, భయస్తుడు. కార్డు చూసినాడు, ముఖం చూసినాడు, మళ్ళీ కార్డు చూసినాడు. ఈ కార్డు ఎవరిదని అడిగితే నాదే అన్నాది. మరి నువ్వెవరని అడిగినాడు. ఆడవాళ్ళందరూ బకెట్లు పట్టుకొని దాటిపోతూ ఉంటే, మా చేత పని చేయించే మండోరు వచ్చి నాది పూచీ అని చెప్పేదాకా ఆమె కంచె పక్కన నిలబడే ఉన్నాది. నేను అవతల చెట్ల వరసలో పనిలో ఉన్నాను. నాకు ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం ఇంటికొచ్చాక తనే చెప్పినాది. పైడికి తల దువ్వుతూ, మామూలు గొంతుతో చెప్పినాది. అంతా అయ్యాక అడిగినాది.

"ఆడు అడిగినదానికి ఏటి సెప్పాల మావా?"

నేను కుడి కన్ను వంక చూసినాను. అది పొడిగానే ఉంది. ఏడుపు కన్నా అదే నన్ను ఎక్కువ కలవరపెట్టినాది. ఏదో వెటకారం ఆడి నవ్వించడం నాకు అలవాటు. ఆ రోజు ఆమె చేతిలోంచి దువ్వెన తీసుకొని పైడి తల నేనే దువ్వినాను.

మా తోట ఆసుపత్రిలో మందులిచ్చే డ్రెస్సరు అచ్చయ్య మనవాడే, మా అయ్య ఊరి పక్కోడు. సంగతి విని అతను ఒక డాక్టరు గురించి చెప్పినాడు. పేరు అరుముగం. యాళ్పాణం వైపు నుంచి వచ్చిన అరవ కుటుంబం, ఇక్కడే పుట్టినాడట. యుద్ధం రోజుల్లో ఇంగ్లాండులో విమానాల్లో కాలిపోయిన కుర్రాళ్ళ ముఖాలు బాగుచేసే చోట పని నేర్చుకున్నాడట. అప్పుడప్పుడు ఈపో పట్నం ఆసుపత్రికి వస్తాడు, చూపించుకోండి అన్నాడు అచ్చయ్య.

మా అత్తకి ఆ మాట గిట్టలేదు. ఆమెకి కత్తి భయం కన్నా మత్తుమందు భయం ఎక్కువ. మత్తిచ్చి పడుకోబెట్టినవాళ్ళు లేపడం మరిచిపోతే ఏం చేస్తామని ఆమె గోల. పొయ్యి ముందు కూర్చొని రెండు రోజులు సణిగి, చివరికి అసలు మాట అనేసినాది.

"కట్టుకున్నోడు ఒప్పుకున్నాడు. గుంట పుట్టినాది. ఇంకెవులికి సూపించాలే ఈ మొకం?"

"ఎవులికీ కాదమ్మా," అన్నాది కూర్మమ్మ. "తొంగుంటే కన్ను మూతపడాల. అంతే."

ఆ తరవాత ఇద్దరూ నా వంక చూసినారు. వెళ్దామని నేను తలూపినాను. నా లోపల ఒక పిరికితనం ఉంది, అది వాళ్ళకి తెలీదు. ఒకటి రెండుసార్లు ఆమె లేనప్పుడు ఆ కార్డు తీసి చూసినాను. ఆ ఫోటోలో పిల్లకి నేను ఏమీ కాను. ఆ పిల్లే గనక ఎదురుపడితే, పళ్ళు ఎత్తుగా ఉండి, ఊరందరి ముందూ నవ్వులపాలయ్యే ఈ పోలయ్యని చేసుకుంటాదా? డాక్టరు ఆ ముఖాన్ని తిరిగి తెచ్చేస్తే, నాకు తెలిసిన మనిషి ఎక్కడికి పోతాది? ఇలాంటివి మగాడు పైకి చెప్పుకొనే మాటలు కావు. ఈపో వెళ్ళడానికి సెలవు అడిగి పెట్టినాను.

డాక్టరు అరుముగం నేననుకున్నంత పెద్ద వయసువాడు కాదు. సన్నటి మనిషి, గోళ్ళు కురచగా కత్తిరించుకున్న పొడవాటి వేళ్ళు. మాతో అరవంలోనే మాట్లాడినాడు. మా తోటల్లో అరవం రాని తెలుగువాడు లేడు కాబట్టి మధ్యలో ఇంకొకరి అవసరం లేకపోయినాది. కూర్మమ్మ గడ్డం పట్టుకొని కిటికీ వైపు తిప్పి, మచ్చని రెండు వేళ్ళ మధ్య తీసుకొని నెమ్మదిగా నలిపి చూసినాడు. ఎక్కడ వదులుగా ఉంది, ఎక్కడ ఎముకకి అంటుకుంది, పక్కన మంచి చర్మం ఎంత సాగుతుంది, అన్నీ వేళ్ళతోనే తెలుసుకున్నాడు. ఎవరూ ఆ మచ్చని అంతసేపు ముట్టుకోవడం నేను చూడలేదు. ఆమె బిగుసుకుపోయి కూర్చున్నాది.

నీకేం కావాలమ్మా అని అడిగినాడు. కంట్లో నీళ్ళు ఆగాలి, గంజి కారకూడదు అన్నాది. ఇంకేమీ వద్దా అంటే, పైట కొంగులోంచి కార్డు తీసి ఇచ్చినాది. అది పట్టుకొచ్చినట్టు నాకు తెలీదు.

డాక్టరు కార్డుని వెలుతురులో పెట్టి చాలాసేపు చూసినాడు. తరవాత రెండు చేతులతో తిరిగి ఇచ్చినాడు.

"ఈ పిల్లని నేను తేలేనమ్మా. తెస్తానని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఇప్పుడు నా ఎదురుగా ఉన్న ముఖమే నాకు పనికొచ్చేది. కన్ను మూయిస్తాను, నోరు సరిచేస్తాను, మచ్చ బిగువు తగ్గిస్తాను. మచ్చ మాత్రం ఉంటుంది."

కూర్మమ్మ కార్డుని కొంగులో ముడి వేసుకొని, సరే అన్నాది. ఆమె నిరాశపడ్డాదో లేదో నాకు తెలీదు. నేను మాత్రం ఊపిరి పీల్చుకున్నాను, అలా పీల్చుకున్నందుకు సిగ్గుపడ్డాను. రాజమ్మాళ్ అని పెద్ద నర్సు ఒకావిడ కూర్మమ్మని తెల్లగుడ్డ ముందు నిలబెట్టి, ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచీ రెండు ఫోటోలు తీయించినాది. ఆపరేషను ఆగస్టులో అన్నారు.

ఆపరేషనుకి ముందు రోజు మధ్యాహ్నం నన్ను కూడా లోపలికి పిలిచినారు. వరండా పక్కన, కిటికీలన్నీ తీసి ఉన్న గది. కూర్మమ్మని మంచం మీద పడుకోబెట్టి గీస్తారనుకున్నాను. కాదు, వీపు నిటారుగా పెట్టి స్టూలు మీద కూర్చోబెట్టినారు. పడుకుంటే ముఖంలో కండంతా చెవుల వైపు జారిపోతుందట. మత్తులో ఉన్నప్పుడైతే మరీనట. మనిషి లేచి తిరిగే ముఖం వేరు, పడుకున్న ముఖం వేరు, అందుకని ముందు రోజే కూర్చోబెట్టి గుర్తులు పెట్టుకుంటానని డాక్టరు చెప్పినాడు.

ముందు స్పిరిటుతో ముఖం తుడిచినాడు. చిన్న గాజు గిన్నెలో నీలి మందు పోసి, మొన చెక్కిన వెదురు పుల్లని అందులో ముంచి, నుదుటి నడిమి నుంచి ముక్కు మీదుగా గడ్డం దాకా సన్నటి గీత గీసినాడు. తరవాత ఒక దారం తీసి రెండు నల్లగుడ్ల మీదుగా అడ్డంగా పట్టుకోమని నర్సుకి ఇచ్చినాడు. అప్పుడు నాకూ కనిపించినాది, ఎడమ రెప్ప ఎంత కిందకి దిగిపోయిందో. ఇత్తడి కంపాసుతో బాగున్న పక్క కొలిచి, అదే కొలత కాలిన పక్కన చుక్కలుగా పెట్టినాడు. కంటి కొస నుంచి నోటి కొసకి, ముక్కు రెక్క నుంచి చెంపకి. మెత్తటి గుడ్డ ముక్కని రెప్ప కింద అద్ది, ఆ ఆకారానికి కత్తిరించి, దాన్ని ఆమె చెవి వెనక పెట్టి చుట్టూ గీసినాడు. రెప్పకి తక్కువైన చర్మం అక్కడి నుంచి తెస్తాడట. తాడులా ఉన్న మచ్చ మీద మాత్రం తిన్నగా గీయలేదు. మెరుపులాగ వంకరలు తిప్పుతూ గీసినాడు. ఒకే తాడుగా ఉంచితే మళ్ళీ ముడుచుకుపోతుంది, అలా కోసి మూలలు ఇటుది అటు, అటుది ఇటు మార్చి కుడితే బిగువు వదులుతుంది అన్నాడు.

కూర్మమ్మ కళ్ళు తిప్పి నన్ను చూసి తెలుగులో అన్నాది.

"కొత్త సెట్టుకి మండోరు గుర్తు పెట్టినట్టు పెడతన్నాడు సూడు."

ఏమంటున్నావని డాక్టరు అడిగినాడు. ఆమే అరవంలో చెప్పినాది. మీరూ ముందు గీసుకుంటారా అని అతను అడిగితే, రబ్బరు పాలు తీయడానికి గీత లేకుండా కత్తి పెడితే లోపలి మానుకి తగులుతాది, మానుకి తగిలితే బెరడు మళ్ళీ సరిగ్గా రాదు అన్నాది. ఆయన పుల్ల పక్కన పెట్టి, ఆ గీత ఎంత వాలుగా ఉండాలి, ఏడాదికి బెరడు ఎంత తరుగుతుంది అని మరో నాలుగు మాటలు అడిగి తెలుసుకున్నాడు. దాంతో ఆమె భుజాలు కొంచెం దిగినాయి. నాకు ఆ మనిషి మీద ఇష్టం కలిగినాది.

తరవాత పని కష్టమైనాది. కళ్ళు గట్టిగా మూయమన్నాడు. కనుబొమలు ఎత్తమన్నాడు. పొయ్యి ఊదినట్టు మూతి పెట్టమన్నాడు. ఒక్కోసారి ముఖంలో ఎక్కడ ముడత పడుతుందో చూసి చుక్క పెట్టుకుంటున్నాడు. ఇప్పుడు నవ్వమ్మా అన్నాడు.

ఆమె పళ్ళు చూపించినాది.

"అది కాదు. నిజంగా నవ్వాలి," అన్నాడు. మనిషి నవ్వినప్పుడు ముక్కు పక్కన నుంచి నోటి దాకా ఒక మడత పడుతుందట. ఎవరి మడత వాళ్ళదేనట. మంచి పక్క అది ఎక్కడ పడుతుందో చూసుకొని, కాలిన పక్కన కూడా సరిగ్గా అక్కడే కొయ్యాలట. అక్కడ కోస్తే మచ్చ ఆ మడతలో దాక్కుంటుందట. కొంచెం అటూ ఇటూ అయితే జన్మంతా అడ్డంగా కనిపిస్తుందట. పళ్ళు బయటపెడితే పడే మడత దొంగ మడతన్నాడు.

కూర్మమ్మ మళ్ళీ ప్రయత్నించినాది. ముఖమంతా నీలి గీతలు, ముందు ముగ్గురు మనుషులు, రేపు కత్తి. నవ్వెలా వస్తుంది? డాక్టరు నా వైపు తిరిగి, నువ్వు ఆమె భర్తవి కదా, నవ్వించు అన్నాడు.

తోటలో నన్ను పలకరించినవాడు నవ్వకుండా పోడు. దొర నడక, మండోరు దగ్గు, అన్నీ చేసి చూపిస్తాను. అక్కడ దొర నడక నడిచి చూపించినాను. రాజమ్మాళ్ నర్సు నవ్వినాది. కూర్మమ్మ నా వంక ఎలా చూసిందంటే, ఇంటికి వెళ్ళాక నీ పని చెబుతానన్నట్టు చూసినాది. మండోరు దగ్గు దగ్గినాను. లాభం లేదు. నా వల్ల ఈమె మచ్చ అడ్డంగా పోతుందేమోనని భయం వేసినాది. ఏం చేయాలో తోచక వెనక ఉన్న కుర్చీలో కూలబడబోయి, చటుక్కున లేచి, ఆ కుర్చీకి రెండు చేతులూ జోడించినాను.

"తప్పైపోనాది తల్లీ. నువ్వున్నావని తెలీక కూకున్నాను."

ఆ మాట ఎక్కడిదో చెప్పాలి. పెళ్ళిచూపులకి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, కూర్చోమంటే తడికె పక్కన బోర్లించిన గంప మీద కూర్చున్నాను. దాని కింద పొదుగుతున్న కోడి ఉంది. అది ఇల్లు లేచిపోయేట్టు అరిచినాది. కంగారులో కోడికి దండం పెట్టి అదే మాట అన్నాను. తలుపు వెనక నుంచి ఒక నవ్వు వినిపించినాది. ఆపుకోలేక, ఊపిరి అందక, మధ్యలో దగ్గుతూ నవ్విన నవ్వు. ముఖం చూడకముందే ఆ నవ్వు విన్నాను. ముఖం చూశాక నాకు కొత్తగా అడగడానికి ఏమీ మిగల్లేదు.

ఆసుపత్రి గదిలో అదే నవ్వు వచ్చినాది. స్టూలు మీద ముందుకి వంగిపోయి, కుడి కంట్లో కూడా నీళ్ళు వచ్చేట్టు నవ్వినాది. డాక్టరు గబుక్కున ఆమె గడ్డం పట్టుకొని, అలాగే, అలాగే అంటూ మంచి పక్కన మడత వెంట చుక్కలు పెట్టేసినాడు. కంపాసు తీసి కొలిచినాడు. కాలిన పక్కన ముందు గీసిన గీతని తడి దూదితో తుడిచేసి, మళ్ళీ కొత్తగా గీసినాడు. మొదటిదానికీ దీనికీ మధ్య వడ్లగింజంత తేడా. ఇందాకటి చోట కోసి ఉంటే తప్పు జరిగేదన్నాడు ఆయన, ఎవరితోనో కాకుండా తనలో తనే.

అంతా అయ్యాక ఆమె చేతికి అద్దం ఇచ్చినాడు. నువ్వు చూసి ఒప్పుకున్న గీతల మీదే కోస్తాను అన్నాడు. మా ఇంట్లో అద్దం ఉండేది కాదు. ఆమె అద్దాన్ని కొంచెం దూరంగా పట్టుకొని, ఒక్కొక్క గీతా వేలితో దారి తప్పకుండా చూసినాది. దవడ కింద, చెవికి దిగువన, మచ్చ చివర చిక్కుడు గింజంత గట్టి ముడి ఒకటి ఉంటాది. దాని చుట్టూ కూడా డాక్టరు గీత గీసినాడు. అక్కడ ఆమె వేలు ఆగినాది.

"ఇది తీయకపోతే కన్నుకి గాని, నోటికి గాని ఏమైనా ఇబ్బందా?" అని అరవంలో అడిగినాది.

ఇబ్బంది లేదు, చూడ్డానికి బాగుంటుందని తీస్తున్నానన్నాడు.

"అయితే వదిలేయండి. మా పిల్ల దాని మీద వేలు పెట్టుకొని పడుకుంటుంది."

డాక్టరు దూది తడిపి ఆ గీత తుడిచేసినాడు.

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. పైడి దాని మీద వేలు పెట్టుకొని పడుకున్న మాట నిజమే, పాలు తాగే రోజుల్లో. ఆ అలవాటు మానేసి, వాళ్ళమ్మమ్మ పక్కకి చేరిపోయి ఏడాది దాటిపోయినాది. ఇప్పుడు ఆ ముడి మీద వేలు పెట్టుకొని పడుకునేది నేను. ఆ సంగతి నేను డాక్టరుకి చెప్పలేదు. ఆమె కూడా నా వైపు తిరగలేదు.

ఆపరేషను మంచిగానే అయినాది. మత్తులోంచి లేపడం ఎవరూ మరిచిపోలేదు. సగం ముఖానికి కట్టు కట్టి పడుకోబెట్టినారు. కొమ్ము ఉన్న చిన్న కప్పుతో గంజి పోసేవారు. కుట్లు ఆరేదాకా మాట్లాడకూడదు, నవ్వడం అసలే కూడదు. డాక్టరు నన్ను పక్కకి పిలిచి ప్రత్యేకంగా చెప్పినాడు. నర్సు రాజమ్మాళ్ కూడా వేలు చూపించి, నీతోనే భయం, నోరు అదుపులో పెట్టుకో అన్నాది.

సరే, నేను నోరు అదుపులో పెట్టుకున్నాను. పని లేని రోజున బస్సెక్కి వెళ్ళేవాడిని. మంచం పక్కన కూర్చొని, పైడి బాగుంది, అత్త బాగుంది, వాన పడ్డాది అని కోర్టులో సాక్షిలాగ చెప్పి ఊరుకునేవాడిని. ఆమె ముఖం చూస్తే ఏదో ఒక వెటకారం నోటికొచ్చేస్తాదని, చూపు పక్కమంచం మీద పెట్టేవాడిని. బతుకులో అంత కష్టమైన పని చేయలేదు. ఇంట్లో కూడా మా అత్త నా వాలకం చూసి, నా కూతురికేదో అయిపోయినాది, నువ్వు దాస్తున్నావని ఏడుపు మొదలెట్టినాది. కూర్మమ్మ మాత్రం రాను రాను గోడవైపు తిరిగి పడుకోవడం నేర్చుకున్నాది. నొప్పనుకున్నాను.

మెర్దేకా రోజున తోటకి సెలవు. ఈపో వీధులన్నీ జెండాలు. ఆసుపత్రి గుమ్మానికి కూడా కాగితం జెండాలు కట్టినారు. ఆ పొద్దున్నే కంటి మీది కట్టు విప్పినారు. నేను వెళ్ళేసరికి వార్డులో ఆడవాళ్ళందరూ రేడియో చుట్టూ చేరినారు. మలాయివాళ్ళు, చీనావాళ్ళు, మనవాళ్ళు, కాలికి కట్లున్నవాళ్ళు కూడా. కౌలాలంపూర్ స్టేడియంలోంచి మెర్దేకా, మెర్దేకా అని అరుపు వచ్చినప్పుడల్లా వీళ్ళూ అరుస్తున్నారు. కూర్మమ్మ ఒక్కతే మంచం మీద గోడవైపు తిరిగి ఉంది.

నేను వెళ్ళి పైడి బాగుంది, అత్త బాగుంది అన్నాను. ఆమె తిరగలేదు. పెదవులు కదిలీ కదలకుండా, గొంతులోనే అన్నాది.

"నువ్వు రావక్కర్నేదు మావా. కోసినకాడ నుంచీ నా మొకం సూడనేకపోతన్నావు. నాకు తెలుస్తన్నాది."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక వెళ్ళి మంచం కొసన కూర్చున్నాను. నిన్ను నవ్వించొద్దని డాక్టరు నాకు ఒట్టు వేయించినంత పని చేసినాడని చెప్పినాను. నిన్ను చూస్తే నోరు ఆగదని అటు చూస్తున్నానని చెప్పినాను. నవ్వొద్దని ఆమెకీ చెప్పినారట గాని, నవ్వించొద్దని నాకు చెప్పిన సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదట. ఆమె నెమ్మదిగా ఇటు తిరిగినాది. వాచిన చెంప, నల్లటి కుట్లు, ఇంకా చెరగని నీలి మరకలు.

"అయితే బయపడనేదేటి?" అన్నాది.

అబద్ధం చెప్పాలనిపించలేదు.

"బయపడినాను. కుట్లకి కాదు. కార్డులో గుంట వచ్చీస్తాదేమో, నన్ను ఎవుడ్రా నువ్వంటాదేమో అని."

ఆమె నవ్వకూడదు కాబట్టి నవ్వలేదు. నా చూపుడు వేలు పట్టుకొని పిడికిట్లో పెట్టుకున్నాది. వార్డంతా అరుస్తూ ఉండగానే కళ్ళు మూసుకొని నిద్రపోయినాది. రెండు కళ్ళూ మూతపడినాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను అది చూడడం అదే మొదటిసారి. వేలు తీసుకుంటే లేస్తాదని సాయంత్రం బస్సు వేళదాకా అలాగే కూర్చున్నాను.

తోటకి తీసుకొచ్చిన రోజు లైనులో ఆడవాళ్ళందరూ చూడ్డానికి వచ్చినారు. ఈపో వెళ్ళి ముఖం మార్చుకొచ్చినాదని ఎవరో ప్రచారం చేసినారు. వచ్చినవాళ్ళు చూసి, మచ్చ అలాగే ఉందే అని గొణుక్కుంటూ వెళ్ళిపోయినారు. మా అత్త ఒక్కతే కూతురి గడ్డం పట్టుకొని, దీపం దగ్గరికి తీసుకెళ్ళి, రెప్ప చూసినాది, నోటి కొస చూసినాది. గిన్నెలో గంజి పోసి ఇచ్చినాది. కూర్మమ్మ తాగినంతసేపూ ఆ కొస వంకే చూస్తూ కూర్చున్నాది. చుక్క పడలేదు. పడకపోయేసరికి కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని లోపలికి వెళ్ళిపోయినాది.

కుట్ల చోటు గట్టిపడ్డాక, వానలు మొదలయ్యే ముందు, కూర్మమ్మ మళ్ళీ పనిలోకి దిగినాది. తెల్లవారుజామున పెరట్టులో, అదే హాజరు వేసే చోట, పేర్లు పిలిచి పని పంచి ఇచ్చినారు. గేటు దాటినాక ఆడవాళ్ళు గుంపుగా, మగవాళ్ళం వెనకగా నడిచినాం. అంతవరకూ కూర్మమ్మ ఎప్పుడూ ఆ గుంపుకి ఎడమ చివర, ఒక అడుగు వెనక నడిచేది. కాలిన పక్క చెట్లవైపు ఉండేట్టు చూసుకునేది. నాలుగేళ్ళుగా వెనక నుంచి చూస్తున్నా, అలా ఎందుకు నడుస్తున్నాదో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ రోజు ఆమె అలవాటు చొప్పున చివర నిలబడ్డాది. ఎవరో ఏదో అడిగినారు. జవాబు చెబుతూ చెబుతూ, ఇటొకరూ అటొకరూ రాసుకుంటూ ఉండగా నడిమికి వెళ్ళిపోయినాది. వెళ్ళినట్టు తనకి తెలిసినట్టు కూడా లేదు.

కొంత దూరం పోయాక ఆ గుంపులో ఎవరో ఏదో అన్నారు. అందరూ ఒక్కసారిగా నవ్వినారు. నేను చెవులు రిక్కించినాను. తలుపు వెనక నుంచి విని గుర్తుపెట్టుకున్నవాడిని, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయిన ఆ నవ్వుల్లో నా పెళ్ళాం నవ్వు ఏదో పోల్చలేకపోయినాను.